కుట్టు లోపలి బట్ట

ధనమ్మక్కా, షట్టర్ సగం దించిన. కూసో.
ఇది కొలతల ముచ్చట కాదు,
అయినా కొలతల నుంచే మొదలువెట్టాలె,
నాకొచ్చింది గదొక్కటే.

బడి తెరిచిన నాడు సుప్రజకు డ్రెస్సు కుట్టిన.
దసరా ముందు, పక్కల కుట్టు లోపలికి తీయమన్నది.
దీపావళికి మల్ల తీయమన్నది.
"వదులైంది గద అత్తా" అని నవ్వింది.
నేనూ నవ్విన. పాపిష్టి నోరు,
"జాజితీగె లెక్కయినవ్ బిడ్డా" అన్న.
ఆ మాటకు దాని మొఖం ఎట్ల వెలిగిందో!
ఆ వెలుగు మంచిది కాదని
అప్పుడు నాకు తెల్వలే.

శివరాత్రి దాటినంక అంతా ఉల్టా.
వదులుగ కుట్టు, నిండు చేతులు పెట్టు.
సాగర్ కాల్వ ఎండి బండలు తేలిన ఎండల్ల
దానికి చలి, పైన స్వెట్టరు.
టేపు తీస్తే ఎనుకకు జరుగుడు,
"పాత కొలతలకే కుట్టు అత్తా."
అద్దం ముందట నిలవడ్డదంటే మాత్రం కదలదు,
లోపలున్న పిల్లతోని
ఏదో పాత పగ ఉన్నట్టు చూస్తది.

నువ్వన్నవ్, బిడ్డకు భక్తి ఎక్కువైందని.
శనివారం ఒక్కపొద్దు. సరే.
సోమవారం శివునికి. సరే.
గురువారం కూడ పట్టింది, శుక్రవారం కూడ పట్టింది.
ఏ దేవుడడిగిండక్కా
పద్నాలుగేండ్ల పోరిని వారమంతా?

నువ్వే అన్నవ్, వంటంతా అదే చేస్తదని,
తమ్మునికి బగారన్నం కొసరి కొసరి వడ్డించి
వాడు తింటుంటే ఎదురుంగ కూసొని చూస్తదని.
గుండీలు కుట్టుడు నేర్వనీకి వచ్చినప్పుడు
టిఫిన్ డబ్బ నా దిక్కు జరుపుతది,
"నేను ఇంట్ల తినొచ్చిన అత్తా."
నీకేమో "అత్త దగ్గర తిన్న" అంటదంట.
నీకూ నాకూ నడుమ, ఈ రెండు గడపల నడుమ,
ఎన్ని నెలల బువ్వ పోయిందక్కా?

ఒకనాడు ఒట్టువెట్టి తపాలచెక్క తినిపించిన.
చేతి మందం ముక్కను
చిలకకు పెట్టినట్టు ఇంతింత తుంపి,
ఒక్కోదాన్ని లెక్కవెట్టి నమిలింది.
తినంగనే ఎనుకకు పోయి నల్ల విప్పింది.
చానసేపు.
నీళ్ల చప్పుడు కింద ఇంకో చప్పుడు దాచింది.
నేను మిషన్ తొక్కుకుంట కూసున్న. విననట్టు.
అదే నా తప్పు, నీకు చెప్పొచ్చిన తప్పు.

మీ ఆయన మిల్లుల బస్తాలు మోస్తడు.
మిర్యాలగూడంతా ఉప్పుడు బియ్యం వాసనే,
ఆరేసిన బట్టల మీద కూడ ఊక దుమ్మే.
ఇసొంటి ఊర్లె మీ ఇంట్ల కరువు వడ్డది.
దేవరకొండ దిక్కు కరువు చూసిన మా అవ్వకు
ఆకలి తెల్సు. ఆకలి నోరు తెరిచి అడుగుతది.
ఇది ఆకలి కాదు, భయం.
భయం అడగదక్కా. వద్దంటది, తిన్నంటది, నవ్వుతది.

కొట్టకు. కంచం ముందట శపించకు.
బక్కగైనవనకు, మంచిగైనవనకు,
ఆ పెయ్యి గురించి ఏ మాటా తీయకు,
నేను ఒక్క మాటన్న, చాలింది.
తాయెత్తు కట్టుకుంటే కట్టు,
దవాఖాన మాత్రం ఎగవెట్టకు.
నల్గొండల మనసు డాక్టర్లుంటరంట, నర్సు సబిత చెప్పింది.
సోమవారం దుకాణం బందువెట్టి నేనూ వస్త.
బస్సుల దాని పక్కన ఊకె కూసుంట.

ఇంకోటి.
అది తీయమన్న ప్రతిసారి
కుట్టు లోపలికి మడిచిన గని
బట్ట కత్తిరించలే.
ఇగో, తిప్పి చూడు, రెండు పక్కల దాచి ఉంచిన.
ఏ దినం విప్పమంటే ఆ దినం విప్పుత.
విప్పినంక గీత కనవడ్తది,
ఎండ తాకని రంగు, ముదురుగ.
కనవడనియ్.